తప్పంతా ఆ చేపదే

ఆ డాక్టరుగారి లెక్కలో లోకంలో ఉన్న జబ్బు ఒక్కటే: నేల మీద బతకడం. మిగిలినవన్నీ దానికి ముద్దుపేర్లు. మోకాళ్ళ నొప్పి, మెడనొప్పి, గురక, పొడిదగ్గు, అరికాళ్ళ పగుళ్ళు, ఏ పేరుతో వచ్చినా సరే, ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ముద్దాయి పేరు చదివేవారు. ముద్దాయి కూడా ఒక్కటే. ముప్ఫై ఏడు కోట్ల ఏళ్ళ కిందట, హాయిగా ఈదుకుంటూ బతకలేక, నీళ్ళలోంచి ఒడ్డుకి పాకిన ఒక చేప.

"దానికేం పొయ్యేకాలం వచ్చిందండీ? బుద్ధి గడ్డి తిందా?" అని కొత్తగా పనిలో చేరిన రోజుల్లో నర్సు ఆయన్ని అడిగింది.

"అప్పటికి గడ్డి ఇంకా పుట్టలేదమ్మా," అన్నారు డాక్టరుగారు, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా.

ఈయనకి వేళాకోళం అంటదనీ, తను వెంటనే వేరే ఉద్యోగం చూసుకోవాలనీ నర్సుకి ఆ క్షణంలోనే అర్థమైంది. ఆ ఉద్యోగం ఇంకా చూసుకుంటూనే ఉంది. ఈలోగా జుట్టు నెరిసింది.

ఆసుపత్రి అంటే బట్టలు కుట్టే దుకాణం పైన రెండు గదులు. కింద మిషన్లు తిరిగితే పైన గాజు గ్లాసులో థర్మామీటరు సన్నగా వణికేది. ముందు గదిలో పొడుగాటి బెంచీ, బరువు తూచే యంత్రం, కిటికీలో ఒక పూల కుండీ. లోపలి గదిలో పచ్చ తెర, పరీక్ష బల్ల, గోడకి చట్రం కట్టిన బొమ్మ. ఇంకెవరైనా అయితే ఆ చోట తమ పట్టా తగిలించుకుంటారు. ఈయన చేపని తగిలించుకున్నారు. పొట్టకింద పొట్టి రెక్కలు, రెక్కల్లో కాళ్ళు కావాలా వద్దా అని తటపటాయిస్తున్న ఎముకలు, ఒళ్ళు సగం నీళ్ళలో, సగం బురదలో, కళ్ళలో పక్కింటి గోడ దూకబోతున్న దొంగ చూపు. కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు ఇది భోజన హోటలనుకుని వెనక్కి తిరిగిన సందర్భాలున్నాయి. వీధి మొత్తానికి ఆయన 'చేపల డాక్టరు'.

ఆ పేరు నమ్మి ఒకావిడ ఒకసారి గాజు సీసాలో బంగారు చేపని పట్టుకొచ్చింది.

"మొన్నట్నుంచీ మేత ముట్టట్లేదండీ," అంది, కళ్ళు తుడుచుకుంటూ.

నర్సు నవ్వాపుకోవడానికి తెర వెనక్కి పోయింది. డాక్టరుగారు మాత్రం లేచి నిలబడ్డారు. సీసాని వెలుతురు వైపు తిప్పి, పాత స్నేహితుణ్ణి రైల్లో చూసినట్టు చాలాసేపు చూశారు.

"నీళ్ళు మార్చండి. మేత తగ్గించండి. ఆపైన దీని గురించి నేను చెప్పగలిగిందేమీ లేదమ్మా. ఈ గదిలో అందరికన్నా తెలివైనది ఇదే. ఇంకా నీళ్ళలోనే ఉంది."

మనుషులకి ఇంత గౌరవం దక్కేది కాదు. రొట్టెల బట్టీ నడిపే ఆసామి ఒకాయన ఉండేవాడు. బట్టీలో పొంగినవి పొంగగా మిగిలినవి ఆయన ఒంట్లో పొంగాయి. వచ్చి కుర్చీలో కూర్చుంటే కుర్చీ మూలిగేది.

"లేస్తే మోకాళ్ళు కటకటలాడుతున్నాయి సార్. మా ఆవిడ నా తిండే కారణమంటోంది."

"ఆవిడకి ఆ చేప సంగతి తెలిసుండదు."

"ఏ చేప సార్?"

బెంచీ మీద ఉన్న పాత పేషెంట్లు ఈ ప్రశ్న వినగానే లేచి టీ తాగడానికి వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి కూడా అయిపోదని వాళ్ళకి తెలుసు.

"నీళ్ళలో ఉన్నంతకాలం ఒంటి బరువు నీళ్ళే మోసేవి. అక్కడ తిమింగలం కూడా దూదిపింజే. ఆ మహాతల్లి ఒడ్డుకొచ్చింది. బరువంతా కాళ్ళ మీద పడింది. ఆ కాళ్ళయినా ఏవి? ఈదడానికి కుట్టించుకున్న రెక్కలు. వాటినే అటూ ఇటూ సాగదీసి కాళ్ళని చెప్పి మనకి అంటగట్టింది. ఇంకొకరి కొలతలకి కుట్టిన చొక్కా ఎక్కడో ఒకచోట పిగిలిపోదూ?"

"పిగిలిపోతుంది సార్."

"మరి ఆ మాట ఇంట్లో చెప్పండి."

కోర్టు నిర్దోషి అని వదిలేసినట్టు ఛాతీ విరుచుకుని బయటికొచ్చాడు ఆసామి. చేతిలో ఉన్న చీటీలో ఏం రాసుందో చదువుకుని కొంచెం నీరుగారాడు గానీ, నడక మాత్రం హుందాగానే ఉంది.

కంప్యూటరు ముందు రోజంతా కూర్చునే ఒకమ్మాయి మెడ పట్టేసి వచ్చింది.

"చేపకి మెడ లేదు," అన్నారు డాక్టరుగారు. "పక్కకి చూడాలంటే ఒళ్ళంతా తిరగాలి. ఎంత మర్యాదో చూడు. ఒడ్డెక్కాక పక్కవాళ్ళ సంగతులు కావలసొచ్చాయి. తలని భుజాల నుంచి విడదీసుకుంది. నీ నొప్పి అక్కడ మొదలైంది."

"అయితే మెడ లేకపోతే బాగుండేదా అండీ?"

"కనీసం ఈ వారం."

మొక్కల సంగతి వేరు. వాటి మీద ఆయనకి ఎక్కడలేని భక్తి. ఒళ్ళంతా పొడిబారిపోతోందని వచ్చిన లైబ్రరీ ఉద్యోగినిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కుండీలో ఆకుని ముట్టుకోమన్నారు.

"నునుపుగా ఉందా? మైనం. చేపకన్నా చాలా ముందే ఇవి నీళ్ళు వదిలి వచ్చాయి. మన దానిలా కట్టుబట్టలతో రాలేదు. ఒంటికి మైనం పూసుకుని, గాలికి కిటికీలు పెట్టుకుని, ఆ తర్వాత నిదానంగా ఒంట్లో నీళ్ళ గొట్టాలు వేసుకుని, అప్పుడు నిటారుగా నిలబడ్డాయి. నిలబడ్డాక ఇక ఎక్కడికీ వెళ్ళలేదు. ఊరు తిరగాలనే దురద వాటికి లేదు. ఇన్నేళ్ళలో ఒక్క చెట్టు మోకాళ్ళ నొప్పంటూ ఈ బెంచీ మీద కూర్చోవడం చూశావా?"

"లేదండీ," అందావిడ, నిజాయితీగా ఆలోచించి.

సాయంత్రం చివరి పేషెంటు మెట్లు దిగాక, "అమ్మయ్య, ఇవాళ్టికి గట్టెక్కాం," అని నర్సు నడుం పట్టుకునేది. ఆయన ముఖం చిట్లించేవారు.

"ఆ మాటనకమ్మా. గట్టెక్కే కదా ఇంతదాకా వచ్చింది."

ఈ కథలకి లోకంలో నిజమైన అభిమాని ఒక్కరే. నర్సు వాళ్ళ అత్తగారు. కిందటేడు పక్షవాతం వచ్చి ఆవిడ ఎడమ పక్క పడిపోయింది. గొంతు కండరాలూ సడలి, మింగడం కష్టమైంది. నాలుక మాత్రం పూర్తిగా కోలుకుని, పడిపోయిన సగం పని కూడా తనే చూసుకునేది. కొడుకు సరుకుల లారీ తోలుతాడు. వారంలో సగం రోజులు రోడ్డు మీదే. అందుకని ఇంట్లో మిగిలింది అత్తా కోడలూ, వాళ్ళ మధ్య ఆ చేప.

"నిన్న ఎవరొచ్చారే మీ కోర్టుకి?"

"పోస్టుమాన్. కాళ్ళ పగుళ్ళు."

"ఎవరి మీద తోశాడు మీ డాక్టరు?"

"ఇంకెవరి మీద అత్తయ్యా."

"పాపం. అడిగే దిక్కులేదు కదా దానికి."

ఆ మాటలాడుతూనే చెంచాతో కొంచెం కొంచెం నోట్లో పెట్టేది నర్సు. కిటికీలోంచి పొద్దుటి ఎండ పక్క మీదికి జరిగేది. రోజులో ఇద్దరికీ బాగుండేది ఆ కాసేపే. మామూలుగా అయితే నోట్లోది మింగేదాకా ఆగి, అప్పుడు కథ అందుకునేది. నర్సు కదా, ఆ మాత్రం తెలుసు. ఆవేళ పనికి ఆలస్యమైపోతోంది. రెండు పనులూ ఒకేసారి కానిద్దామనుకుంది.

"నిన్నొక వకీలు ఎక్కిళ్ళతో వచ్చాడత్తయ్యా. మన డాక్టరుగారు, 'ఇది మీరు చేసిన తప్పు కాదు, ఆ చేప చేసింది' అన్నారు. ఆ వకీలు ఎక్కిళ్ళ మధ్యలోనే ఏమన్నాడో తెలుసా? 'ఆ... చేప తరఫున... నేను వాదిస్తాను' అన్నాడు."

అత్తగారు నవ్వింది. నోట్లో ఉడికిన బంగాళాదుంప ముక్క ఉంది.

తర్వాత జరిగింది నర్సుకి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. నవ్వు మధ్యలో తెగిపోవడం, ఆవిడ ముఖం నల్లబడడం, తను ఆవిడని ముందుకి వంచి వీపు మీద అరచేత్తో గుద్దడం, నేల మీద పడ్డ ముక్క, ఆపైన వచ్చిన మొదటి ఊపిరి, బావిలోంచి చేద పైకొచ్చినట్టు. ప్రాణం నిలబడింది గానీ పిప్పి కొంత ఊపిరితిత్తుల్లోకి పోయింది. సాయంత్రానికల్లా జ్వరం. పెద్దాసుపత్రిలో చేర్చారు.

లారీ ఎక్కడో దూరాన ఉంది. ముందు వచ్చింది లారీ డ్రైవరుగారి అక్క. నర్సుకి వదిన. ఒక పెద్ద బడికి హెడ్మిస్ట్రెస్. తప్పెవరిదో తేలందే ఆవిడకి అన్నం సహించదు. తల్లి నుదుటి మీద చెయ్యి వేసి చూసి, కళ్ళు తుడుచుకుని, కొంగు సర్దుకుని, మంచం పక్క స్టూలు మీద కూర్చుని విచారణ మొదలుపెట్టింది.

"తినిపించింది ఎవరు?"

"నేనే వదినా."

"ముక్క ఎంత ఉంది?"

"చిన్నదే."

"చిన్నదైతే ఎందుకడ్డం పడుతుంది? పక్కింటావిడ నవ్వులు వినిపించాయంది. నోట్లో తిండి ఉండగా నవ్వించాలని మీ నర్సుల బడిలో చెప్పారా?"

నర్సు దుప్పటి సర్దింది. నోరు తెరిస్తే వకీలు బయటికొస్తాడు. ఊరంతటికీ సూదులు పొడిచే మనిషి, ఆ వేళ తనే సూది బెజ్జంలో దూరిపోయేలా ఉంది.

"సరే. డిశ్చార్జి చేశాక అమ్మని మా ఊరు తీసుకెళ్తాను," అంది వదిన. "వెనక గది ఖాళీగా ఉంది. మనిషిని పెడతాను. ఆ మనిషి కథలు చెప్పదు."

పక్క మీద అత్తగారు కళ్ళు మూసుకునే ఉంది. కుడిచెయ్యి మాత్రం దుప్పటి అంచుని గట్టిగా పట్టుకుంది. వద్దని చెప్పడానికి గొంతు పెగలట్లేదు. నర్సు ఆ చెయ్యి చూసింది. ఆవిడ వెనక గదిలో, మాటలు చెప్పని మనిషి చేతి ముద్ద తింటూ, గోడకేసి చూస్తూ ఉండడం కళ్ళముందు కనిపించింది. తనకి ఎదురు చెప్పే అర్హత ఎక్కడుంది?

ఆ మర్నాడు పొద్దున డాక్టరుగారు వచ్చారు. పలకరింపుగా ఆపిల్ పళ్ళ సంచీ తెచ్చి, మింగలేని రోగికి అవి ఎందుకన్న ఆలోచన మంచం దగ్గరికొచ్చాక తట్టి, దాన్ని వీపు వెనక దాచుకుని నిలబడ్డారు. గోడకి అమర్చిన సీసాలో నీళ్ళు బుడగలు కడుతున్నాయి. ఆక్సిజన్ ఆ నీళ్ళలోంచి తడిసి, గొట్టంగుండా ముక్కులోకి పోతోంది.

"చూశారా," అన్నారు సీసా చూపించి, ఎవరూ ఏమీ అడక్కుండానే. "ఒడ్డున ఇన్ని కోట్ల ఏళ్ళు కాపురం చేశాక కూడా, మనకి ఒంట్లో బాగోకపోతే గాలిని నీళ్ళలో ముంచి ఇవ్వాల్సొస్తోంది."

వదిన ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "మీరేనా ఆ డాక్టరు? మంచిదే. మీరే చెప్పండి. తప్పెవరిది?"

నర్సు కళ్ళు మూసుకుంది. లోకంలో ఇంకెవరిని అడిగినా బాగుండేది.

డాక్టరుగారు కళ్ళద్దాలు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. మెళ్ళో ఉన్న స్టెతస్కోపు తీసి, చెవుల్లో పెట్టుకునే గొట్టాలు రెంటినీ వేళ్ళ మధ్య ఒకదాని మీద ఒకటి అడ్డంగా పట్టుకున్నారు.

"ఇది గాలి దారి. పైన ముక్కులో మొదలై, కింద ముందు వైపుకి పోతుంది. ఇది తిండి దారి. నోట్లో మొదలై వెనక్కి పోతుంది. అంటే ఏమైంది? మధ్యలో ఒకదాన్నొకటి దాటాలి. ఎవరైనా ఇల్లు కట్టేటప్పుడు మంచినీళ్ళ గొట్టం, మురుగు గొట్టం ఒకే చోట కలిపి కడతారా?"

"కట్టరు."

"అది కట్టింది. ఆ చేప. మెతుకుల గొట్టం ముందే ఉంది దానికి. గాలి కావలసొచ్చేసరికి కొత్త గొట్టం వేయించుకునే ఓపిక లేక, ఉన్నదానికే కింద ఒక సంచీ తగిలించుకుని ఒడ్డెక్కేసింది. అప్పట్నుంచి మన అందరి గొంతులోనూ ఒక కూడలి. సిగ్నల్ లేదు. పోలీసు లేడు. ఒక చిన్న మూత ఉంది, మింగినప్పుడల్లా అదే పరుగెత్తుకొచ్చి మూసుకోవాలి. మీ అమ్మగారికి పక్షవాతంలో ఆ కాపలావాడు కునుకు తీయడం మొదలుపెట్టాడు. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటాం చూడండి, ఎవరో కాదమ్మా, ఆ చేపే."

వదిన ఆలోచనలో పడింది. క్రమశిక్షణ చర్యల్లో ఆవిడకి ఇంత పాత ముద్దాయి ఎన్నడూ తగల్లేదు.

"అంటే మా మరదలి పాత్ర ఏమీ లేదంటారా?"

"ఎందుకు లేదు? చాలా ఉంది. ఆ చేప పని పూర్తికాకుండా అడ్డం పడింది ఈవిడే. ముక్కని బయటికి తీసి దాని శ్రమంతా పాడుచేసింది. ఇంట్లో వేరే ఎవరున్నా మీరిప్పుడు ఈ మంచం పక్కన కూర్చుని ఉండేవారు కాదు."

"అన్ని కోట్ల ఏళ్ళ కిందటి దాని మీద ఇప్పుడేం చర్య తీసుకుంటాం?"

"నా బాధ కూడా అదేనమ్మా," అన్నారు డాక్టరుగారు, నిట్టూర్చి.

నర్సు ఆయన వెనకే వరండాలోకి వచ్చింది. ఎవరూ లేని చోటు చూసి గోడకి ఆనుకుంది.

"నవ్వించింది నేనేనండి. నోట్లో ముక్క ఉండగా. మీ వకీలు కథ చెప్పి."

చేప పేరు వినడానికి ఆమె సిద్ధంగా ఉంది. ఆయన చేప పేరు ఎత్తలేదు. గొంతు తగ్గించి, పక్కన నడిచేవాళ్ళకి కూడా వినపడకుండా చెప్పారు.

"నిటారుగా కూర్చోబెట్టు. గడ్డం కిందికి వంచమను. చెంచా చివర మాత్రమే పెట్టు. మింగిందని చూశాకే ఇంకోటి. కథ చివర చెప్పు, ఎంగిలి చెయ్యి కడుక్కున్నాక. సరేనా?"

అంతే. ఆ చిన్న గొంతు నర్సుకి కొత్త కాదు. పచ్చ తెర పక్కన నిలబడి ఇన్నేళ్ళూ విన్నదే, ఎప్పుడూ పట్టించుకోనిదే. బట్టీ ఆసామికి చేప కథంతా బెంచీకి వినపడేలా చెప్పి, 'వెన్న మానెయ్యండి, సాయంత్రం చెరువుదాకా నడవండి' అని గొణిగింది ఈ గొంతే. మంచం మీదనుంచి బిడ్డ జారిపడితే పరుగెత్తుకొచ్చిన తల్లికీ, వద్దన్నా మానని సిగరెట్లాయనకీ, అందరికీ అంతే. చేప పెద్ద గొంతులో, మందు చిన్న గొంతులో. ఆ గదిలో ఎవరినీ 'నువ్వే చేసుకున్నావు' అనగా ఆమె వినలేదు. తప్పు తీసుకెళ్ళి చేప మీద పడేశాక మనిషి చేతులు ఖాళీ అయ్యేవి. ఆ ఖాళీ చేతుల్లో ఆయన చీటీ పెట్టేవారు.

"డాక్టరుగారూ, మీకు నిజంగానే ఆ చేప మీద అంత కోపమా?"

"కోపమెందుకమ్మా. ఇరుకు నీళ్ళలో ఊపిరాడక వచ్చి ఉంటుంది. దాని కష్టాలు దానివి." ఆయన సంచీలోంచి ఒక ఆపిల్ తీసి ఆమెకిచ్చారు, మిగిలినవి ఏం చేయాలో తోచనట్టు చూసుకుంటూ. "అది పోయి చాలా కాలమైంది. ఎంత తిట్టినా నొచ్చుకోదు. మనుషులలా కాదు. ఒక్కమాటకే నిద్ర మానేస్తారు."

ఇంత చెప్పానేమిటి అని ఆయనకే సిగ్గేసినట్టుంది. "కళ్ళు తడిగా ఉన్నాయి, మంచిదే. ఒడ్డున బతికే ప్రాణికి అది ఆరోగ్యమే," అని గొణిగి, గబగబా మెట్లు దిగిపోయారు. ఆపిల్ పళ్ళ సంచీ మెట్ల దగ్గర కూర్చున్న ఎవరో ముసలాయన ఒళ్ళో వదిలేసి వెళ్ళారని తర్వాత తెలిసింది.

జ్వరం తగ్గింది. గొంతు పెగిలింది. బుడగల సీసా తీసేశారు. డిశ్చార్జి రోజున అత్తగారికి తనే తినిపిస్తానంది వదిన. ఊరికి తీసుకెళ్ళాక చేయాల్సిన పనే కదా, అలవాటు కావాలంది. తల్లిని నిటారుగా కూర్చోబెట్టింది, గడ్డం వంచమంది. మెత్తగా ఉడికించిన ఆపిల్ గుజ్జు చెంచా చివర తీసుకుని, చాక్‌పీసుతో గీత గీసినంత జాగ్రత్తగా పెట్టింది. వంకపెట్టడానికి ఏమీ లేదు. రెండో చెంచాకి అత్తగారు దగ్గింది. దగ్గు ఆగలేదు. ముఖం ఎర్రబడింది.

నర్సు ఒక్క అంగలో వచ్చి, ఆవిడని ముందుకి వంచి పట్టుకుంది. దగ్గు నెమ్మదించింది. ఊపిరి వెనక్కొచ్చింది. వదిన చెంచాని వెలుతురులోకి ఎత్తి చూసింది.

"నేను సరిగ్గానే పెట్టాను," అంది. బల్ల కింద దాక్కున్న చిన్నపిల్ల గొంతది. "కొంచమే పెట్టాను."

వార్డంతా ఆవిడ వైపే చూస్తోంది. నర్సు దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఇన్ని రోజులుగా ఒక్కొక్కటే నూరి పదును పెట్టుకున్నవి. ముక్క ఎంత ఉంది వదినా, మీ బడిలో ఇదే నేర్పారా వదినా. నాలుక చివరిదాకా వచ్చాయి కూడా.

"మీరేం చేస్తారు వదినా," అంది నర్సు, పక్క మంచం వాళ్ళకి వినపడేంత గట్టిగా. "ఆ గొట్టాలు వేయించింది మీరా?"

వదిన పైట చెంగుతో నుదురు తుడుచుకుంది.

"ముందూ వెనకా చూసుకోకుండా కట్టింది ముదనష్టపుది," అంది చివరికి, మనస్ఫూర్తిగా. అని చెంచా మరదలి చేతిలో పెట్టింది. పెట్టి, వేళ్ళు వెంటనే వదల్లేదు. "అమ్మని నీ దగ్గరే ఉండనీ. నాకు... బడి ఉంది కదా. సెలవులకి నేనే వస్తాను."

వాళ్ళిద్దరూ ఆ చెంచాని అలా చెరో పక్కా పట్టుకుని నిలబడిపోతే, మధ్యలో కూర్చున్న అత్తగారు గొంతు సవరించుకుంది. చాలా రోజుల తర్వాత పూర్తిగా వినపడిన గొంతు.

"మీ ఇద్దరూ రాజీపడడం అయితే, ఆ గిన్నె ఇటు పట్టండి. ఆకలేస్తోంది."